పాత హెచ్‌పీ 200ఎల్‌ఎక్స్ దొరికింది. అమ్మేయాలా, ఉంచుకోవాలా? దీన్ని జనం ఇంకా ఎందుకు వదలడం లేదు?

అడిగిన విషయం ఇదీ: మర్చంట్ నేవీలో చేసిన మేనమామగారి ట్రంకుపెట్టెలో, అరచేతికి కాస్త పెద్దగా, మూత తెరిస్తే కీబోర్డు కనిపించే చిన్న కంప్యూటర్ దొరికింది. పైన హెచ్‌పీ 200ఎల్‌ఎక్స్ అని ఉంది. సెల్లు పెట్టేచోట తెల్లటి పొడి పేరుకుంది. పాత సామాన్లు కొనే అతను ఏదో కొంత ఇస్తానన్నాడు. నెట్‌లో చూస్తేనేమో ఎప్పుడో ఆగిపోయిన ఈ మెషీన్‌ని ఇప్పటికీ వెతికి మరీ కొనేవాళ్లు, బాగుచేయించుకునేవాళ్లు ఉన్నారు. ఎందుకంత ఇష్టం? వైజాగ్‌లో ఉండి దీన్ని మళ్లీ నడిపించుకోవడం కుదిరే పనేనా?

సమాధానం:

అమ్మకండి. కనీసం ఇది చదివేదాకా ఆగండి. ఇంకో మాట, తొందరపడి కొత్త సెల్లు వేయకండి, ఏదో అడాప్టర్ దొరికింది కదా అని గుచ్చకండి. ఆ తెల్లపొడి సంగతి ముందు చూడాలి, దాని గురించి కింద వివరంగా రాశాను.

నేను విశాఖ పోర్టులో చాలా ఏళ్లు డ్రాఫ్ట్ సర్వేలు చేశాను. ఈ మెషీన్ నా పని మెషీన్. ఇప్పుడు రిటైరయ్యాను కానీ అది ఇంకా నా బల్ల మీదే ఉంది, రోజూ తెరుస్తాను. కాబట్టి ఎందుకంత ఇష్టం అనే ప్రశ్నకి నా పని వైపు నుంచే జవాబు చెబుతాను.

ముందు అది ఏమిటో చెప్పాలి. హెచ్‌పీ కంపెనీ 1991లో లోటస్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లతో కలిసి 95ఎల్‌ఎక్స్ అనే చేతి కంప్యూటర్ తెచ్చింది. 1993లో 100ఎల్‌ఎక్స్ వచ్చింది. 1994లో వచ్చింది మీ చేతిలో ఉన్న 200ఎల్‌ఎక్స్. బరువు మూడు వందల గ్రాముల పైచిలుకు. ఇంటెల్ 80186 తరహా ప్రాసెసర్, వేగం 7.91 మెగాహెర్ట్జ్. స్క్రీన్ 640కి 200 చుక్కలు, రంగుల్లేవు, వెనక లైటు లేదు. మెషీన్‌ని నడిపించే పాతకాలపు ఆపరేటింగ్ సిస్టమ్ ఎంఎస్ డాస్ 5.0 చిప్‌లోనే ఉంటుంది. లెక్కల గడుల షీట్లు (స్ప్రెడ్‌షీట్) కట్టే లోటస్ 1-2-3, ఫోన్ల పట్టిక, అపాయింట్‌మెంట్ డైరీ, మెమో, హెచ్‌పీ క్యాలిక్యులేటర్, ఖర్చుల లెక్కలకి పాకెట్ క్వికెన్ అన్నీ పుట్టుకతోనే ఉంటాయి. ముఖ్యమైనవాటికి సొంత మీటలున్నాయి. మీట నొక్కితే ఆ ప్రోగ్రామ్ వచ్చేస్తుంది. ఇదంతా రెండు పెన్సిల్ సెల్లతో నడుస్తుంది. రోజూ పనిలో వాడినా సెల్లు వారాల తరబడి వచ్చేవి.

ఈ లెక్కలు చూసి ఇప్పటి పిల్లలు పెదవి విరుస్తారు. విరవనివ్వండి. దీని గొప్పతనం ఆ అంకెల్లో కనిపించదు, పనిలో పెట్టినప్పుడు కనిపిస్తుంది.

డ్రాఫ్ట్ సర్వే అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. బైలదిల్లా నుంచి కొత్తవలస–కిరండూల్ లైను మీద వచ్చిన ఇనుప ఖనిజం ఓడకి ఎక్కించినా, విదేశాల నుంచి వచ్చిన కోకింగ్ బొగ్గు దించినా, ఎన్ని టన్నులన్నది ఓడ నీళ్లలో ఎంత మునిగిందో చూసి లెక్క కడతాం. ఆ మునిగిన లోతునే డ్రాఫ్ట్ అంటారు. ముందు, మధ్య, వెనక, రెండు వైపులా మొత్తం ఆరు చోట్ల ఓడ ఒంటి మీద రాసిన అంకెల్ని చదవాలి. అవుటర్ హార్బర్‌లో అల ఉన్న రోజున నీళ్లు ఆ అంకెల మీద పైకీ కిందకీ ఆడుతుంటాయి. ఓపిగ్గా నిలబడి సగటు పట్టుకోవాలి.

ముందు 11.20 మీటర్లు, వెనక 11.60, మధ్యలో 11.44 వచ్చాయనుకోండి. ముందూ వెనకల సగటు 11.40. కానీ సరుకు బరువుకి ఓడ నడుము కాస్త కిందకి వంగింది. అందుకని మధ్య అంకెని ఆరు రెట్లు చేసి, ముందూ వెనకవి కలిపి, మొత్తాన్ని 8తో భాగిస్తాం. 11.43 వస్తుంది. తేడా మూడు సెంటీమీటర్లే. అయితే బొగ్గు తెచ్చే పెద్ద ఓడ ఒక్క సెంటీమీటరు మునగాలంటే 60 టన్నుల పైనే పడుతుంది. అంటే ఆ మూడు సెంటీమీటర్ల దగ్గరే 180 టన్నులకు పైగా లెక్క మారింది. దాని మీద ఓడ వెనక్కి వాలినందుకు సవరణ, తర్వాత నీటి సాంద్రత. సముద్రపు నీటికి 1.025 అని పుస్తకంలో ఉంటుంది. మేఘాద్రి గెడ్డ నీళ్లు వచ్చి కలిసే ఇన్నర్ హార్బర్‌లో వర్షాకాలంలో హైడ్రోమీటర్ ముంచి చూస్తే అంతకంటే తక్కువ చూపిస్తుంది. ఆ తేడాకీ దిద్దాలి. చివర్లో బ్యాలస్ట్ నీళ్లు (ఓడ నిలకడ కోసం ట్యాంకుల్లో నింపేవి), ఇంధనం, మంచినీళ్లు ఎంతెంతో చూసి తీసేయాలి.

పక్కన చీఫ్ ఆఫీసర్ నిలబడి ఉంటాడు, ఆయన లెక్క ఆయనకుంటుంది. సరుకు తాలూకు మనిషి ఇంకో పక్క. అందరూ టన్నుల కోసం ఎదురుచూస్తుంటారు. టెన్షన్ మామూలుగా ఉండదు.

ఈ మొత్తం లెక్కని నేను లోటస్ 1-2-3 షీటులో ఒకసారి కట్టి పెట్టుకున్నాను. ఆరు రీడింగులు, సాంద్రత, ట్యాంకుల కొలతలు, ఎంత మునిగితే ఎంత బరువో చెప్పే ఓడ హైడ్రోస్టాటిక్ పట్టికలోంచి నాలుగు అంకెలు కొడితే టన్నులు వచ్చేస్తాయి. ఓడలో ఎవరి క్యాబిన్‌లోనో ప్లగ్ పాయింట్ వెతుక్కునే పని లేదు. మూత తెరిచి ఆన్ మీట నొక్కితే, నిన్న ఏ గడి దగ్గర ఆపానో ఆ గడి దగ్గరే కర్సర్ మెరుస్తూ ఉంటుంది. పొద్దున్న ఆరుకి గ్యాంగ్‌వే ఎక్కి, రాత్రిదాకా పదిసార్లు తెరిచి మూసినా అంతే. అంకెల మీటలు కుడివైపు విడిగా, వరుసగా ఉన్నాయి. ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో చూడకుండా కొట్టవచ్చు. మే నెల మధ్యాహ్నం డెక్కు మీద, కళ్లు తెరవలేని ఎండలో కూడా స్క్రీన్ స్పష్టంగా కనిపిస్తుంది. వెనక లైటు లేకపోవడం అక్కడ లోపం కాదు, వరం. లైటు లేని ఈ రకం తెర, ఎండ ఎంత కాస్తే అంత బాగా కనిపిస్తుంది. ఇప్పటి ఫోన్ పట్టుకుని అదే చోట నిలబడండి, మీ మొహం తప్ప ఏమీ కనిపించదు.

క్యాలిక్యులేటర్‌లో ఉన్న సాల్వర్ గురించి చెప్పకపోతే అన్యాయం. అందులో సూత్రాన్ని ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు. తెలిసిన విలువలు ఇచ్చి, తెలియనిదాని మీట నొక్కితే అదే విప్పి చెబుతుంది. టన్నులు తెలిసి డ్రాఫ్ట్ ఎంతుండాలో కావాలన్నా అదే సూత్రం, డ్రాఫ్ట్ తెలిసి టన్నులు కావాలన్నా అదే. తిప్పి రాసుకోనక్కర్లేదు. ఇంకెంత లోడ్ చేస్తే 11.50 దగ్గర ఆగుతుంది అని ఫోర్‌మన్ అడిగితే నిలబడినచోటే చెప్పేవాడిని.

నా పని ఇది. సివిల్ ఇంజనీర్లు, డాక్టర్లు, ప్రోగ్రాములు రాసేవాళ్లు, ఊళ్లు తిరిగే అమ్మకం ప్రతినిధులు ఎవరి కారణం వాళ్లకుంది. కానీ వీళ్లందరి మాటల్లో నాకు కనిపించింది ఒక్కటే. ఆ మెషీన్ తన పని చేయడానికి ఇంకెవరి మీదా ఆధారపడలేదు. హెచ్‌పీ 1997 నుంచి చిన్న మెషీన్ల విండోస్ అయిన విండోస్ సీఈ వైపు వెళ్లిపోయింది, 300ఎల్‌ఎక్స్ అలా వచ్చిందే. 1999లో 200ఎల్‌ఎక్స్ తయారీ ఆపేసింది. ఆపేసిన మర్నాడు నా లెక్కల్లో ఒక్క అంకె మారలేదు. సెల్లు కిరాణా కొట్లో దొరుకుతున్నాయి. డాస్ అందులోనే ఉంది. ఫైళ్లు అందరికీ తెలిసిన రకం ఫైళ్లు. అనుమతి అడగాల్సిన సర్వరు లేదు, లాగిన్ లేదు, అప్‌డేట్ లేదు.

దీనికి పూర్తి వ్యతిరేకం బ్లాక్‌బెర్రీ కథ. అదీ జనం ప్రాణంగా చూసుకున్న పరికరమే, కీబోర్డు కోసం పడిచచ్చేవాళ్లు. 2022 జనవరి 4న కంపెనీ పాత బ్లాక్‌బెర్రీ సిస్టమ్‌కి సేవలు ఆపేసింది. కాల్స్, మెసేజ్‌లు కూడా ఇక నమ్మకంగా పనిచేయవని ముందే చెప్పింది. ఫోన్ బాగానే ఉంది, సెల్ బాగానే ఉంది, దాని వెనకున్నది పోయింది. ఇష్టం ఎంత ఉన్నా చేయగలిగింది లేదు. 200ఎల్‌ఎక్స్ మీద ఇష్టం నిలబడింది అంటే, నిలబడడానికి చోటుంది కాబట్టి.

అభిమానులు చేసిన పని కూడా తక్కువేం కాదు. అమెరికాలో ఐయోవా రాష్ట్రం ఫెయిర్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు నుంచి హాల్ గోల్డ్‌స్టీన్ అనే ఆయన 1991 నుంచి ఈ మెషీన్ల కోసమే ఒక పత్రిక నడిపారు, దాని పేరు హెచ్‌పీ పామ్‌టాప్ పేపర్. వాడేవాళ్లే వ్యాసాలు రాసేవారు, చిట్కాలు పంచుకునేవారు. ఆయన సంస్థే పాత మెషీన్లని కొని, బాగుచేసి, మెమరీ పెంచి అమ్మింది. ఫ్యాక్టరీ నుంచి 1, 2, తర్వాత 4 మెగాబైట్లతో వచ్చినవాటిని 32 మెగాబైట్లకీ ఆపైకీ తీసుకెళ్లారు. ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే లోపలి క్రిస్టల్ మార్చి వేగాన్ని రెట్టింపు చేశారు. జపాన్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, జపనీస్ అక్షరాలు తెలియని ఈ తెర మీద జపనీస్ చదివించారు, రాయించారు. కంపెనీ చేయని పని అది. విండోస్ 3.0ని దీని మీద నడిపినవాళ్లూ ఉన్నారు. ఉపయోగం ఏమిటంటే పెద్దగా లేదు, నడుస్తుందా అన్న పట్టుదల. నోకియా 2110 ఫోన్‌ని వీపు మీద తగిలించుకునేలా హెచ్‌పీయే ఓమ్నిగో 700ఎల్‌ఎక్స్ అని ఇదే కుటుంబంలో ఒకటి తెచ్చింది, 1996లో. ఫోనూ కంప్యూటరూ ఒకటి కావాలన్న ఆలోచన అప్పటికే ఉందన్నమాట.

సైయన్ 5ఎంఎక్స్ అనే ఇంకో చేతి కంప్యూటర్ వాడిన మిత్రులు ఇక్కడ నాతో గొడవపడతారు. కీబోర్డు విషయంలో వాళ్లదే పైచేయి, ఒప్పుకుంటాను. 1999లో వచ్చిన ఆ మెషీన్ మీద పేజీలకు పేజీలు హాయిగా టైప్ చేయవచ్చు. వ్యాసాలు రాసేవాళ్లకి నేను దాన్నే చెబుతాను. కానీ దాని స్క్రీన్‌కి వెళ్లే రిబ్బన్ కేబుల్ తెరిచి మూసీ తెరిచి మూసీ ఎప్పుడో ఒకప్పుడు చిట్లుతుంది. అంకెల పనికి, మొరటు వాడకానికి మాత్రం నా ఓటు 200ఎల్‌ఎక్స్‌కే.

వైజాగ్‌లో ఉన్నవాళ్లకి 2014 అక్టోబర్ 12 గురించి చెప్పనక్కర్లేదు. హుద్‌హుద్ తర్వాత కరెంటు లేదు, టవర్లు పనిచేయలేదు, ఫోన్లు చార్జింగ్ అయిపోయి మూలపడ్డాయి. మా వీధిలో నీళ్ల ట్యాంకర్ ఎవరి ఇంటికి ఎప్పుడొచ్చింది, ఏ పెద్దాయనకి ఏ మందు అయిపోతోంది, పాలపొడి ఎవరింట్లో ఎంతుంది అన్నదంతా ఈ మెషీన్‌లోనే రాసి ఉంచాను. చుట్టుపక్కల వాళ్ల బంధువుల ఫోన్ నంబర్లు కూడా ఫోన్ల పట్టికలో ఎక్కించాను, ఎందుకంటే ఫోన్ ఆగిపోయాక ఎవరికీ ఎవరి నంబరూ గుర్తు లేదు. సిగ్నల్ వచ్చిన చోటికి వెళ్లి వరుసగా కబుర్లు చెప్పగలిగాం. టార్చిలైట్‌లో ఉన్న రెండు సెల్లు తీసి ఇందులో వేస్తే సరిపోయింది. ఆ తర్వాత దీన్ని పాత సామాను అని మా ఇంట్లో ఎవరూ అనలేదు.

అలాగని దీని మీద లేనిపోని ఆశలు పెట్టుకోకండి. తెలుగు రాదు. ఇప్పటి ఇంటర్నెట్‌కి పనికిరాదు. రాత్రి చదవాలంటే పక్కన దీపం ఉండాలి. ఫోటో చూపించదు, పాట వినిపించదు. ఫోన్ బదులు వాడతాను అనుకుంటే నిరాశ పడతారు. లెక్కలు, డైరీ, జాబితాలు, రోజువారీ ఖర్చులు, ఇంగ్లీషులో నోట్స్, డాస్‌లో ప్రోగ్రాములు నేర్చుకోవడం, వీటికి మాత్రం ఇప్పటికీ చక్కగా ఉంటుంది. కొసరుగా ఇంకోటి: నోటిఫికేషన్ రాని తెర ముందు కూర్చుంటే ఖర్చుల లెక్క పావుగంటలో తేలిపోతుంది.

ఇక మీ మెషీన్ సంగతి.

ఆ తెల్లపొడి ఆల్కలీన్ సెల్లు కారడం వల్ల వచ్చింది. చేత్తో ముట్టుకోకండి, ఊది ఎగరగొట్టకండి. సెల్లు ఇంకా లోపలే ఉంటే మెల్లగా తీసేయండి. చెవులు శుభ్రం చేసుకునే దూదిపుల్లని వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో కొద్దిగా ముంచి, కారిపోకుండా పిండి, స్ప్రింగుల మీద, రేకుల మీద రుద్దండి. కొంచెం బుసబుసమంటుంది, అది మంచిదే. పొడి పోయాక ఇంకో పుల్లతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. స్ప్రింగు పచ్చగా చిలుము పట్టి ఉంటే సన్నటి గరుకు కాగితంతో తేలిగ్గా గీకండి. సముద్రం గాలి వల్ల మన ఊళ్లో ఈ చిలుము త్వరగా వస్తుంది. లాసన్స్ బే వైపు, బీచ్ రోడ్డు వైపు ఇళ్లయితే మరీను. బాగయ్యాక సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో ఉంచండి. ఈ తేమకి పాత ఎల్‌సీడీ పైనుండే పొర కూడా పాడవుతుంది.

ఇందులో రెండు పెన్సిల్ సెల్లు కాక, బ్యాకప్‌కి సీఆర్2032 అనే బిళ్ల సెల్ ఒకటి ఉంటుంది. జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు ఏ షాపులోనైనా దొరుకుతుంది. రెండు రకాలూ కొత్తవి వేయండి. ఇకముందు మార్చేటప్పుడు మాత్రం పెన్సిల్ సెల్లు, బిళ్ల సెల్ ఒకేసారి తీయకండి. మెమరీ అంతా ఈ సెల్ల మీదే బతుకుతుంది, రెండూ లేకపోతే లోపల దాచినవన్నీ పోతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఇది. సెటప్‌లో సెల్లు ఆల్కలీనా, రీచార్జబులా అని చెప్పే చోటు ఉంటుంది. రీచార్జబుల్ అని పెట్టి ఉంచి, మామూలు ఆల్కలీన్ సెల్లు వేసి, అడాప్టర్ గుచ్చితే, మెషీన్ వాటిని చార్జ్ చేయబోతుంది. అవి వేడెక్కి కారతాయి. మీ మేనమామగారి మెషీన్‌లో జరిగింది అదే అని నేను అనను, ఏళ్ల తరబడి లోపల వదిలేసినా కారతాయి. అడాప్టర్ అసలు వాడకపోవడమే మంచిది. ఎన్‌ఐఎంహెచ్ అనే రకం రీచార్జబుల్ సెల్లు కొని, బయట చార్జర్‌లో చార్జ్ చేసి వేసుకోండి. నేను చేసేది అదే.

మూత తెరిచేటప్పుడు రెండు చేతులతో, రెండు మూలలా పట్టుకుని తెరవండి. మడతబందు దగ్గర ప్లాస్టిక్ పగలడం ఈ మోడల్‌కి పుట్టుకతో ఉన్న జబ్బు. వెంట్రుకవాసి బీట కనిపిస్తే ఇక బలవంతం చేయొద్దు. ఎవరైనా మొబైల్ రిపేరు కుర్రాడు విప్పేస్తానంటే ఇవ్వకండి. చేతి నైపుణ్యం ఉన్నవాళ్లే, కానీ ఈ డబ్బా విప్పడం వాళ్లకి అలవాటైన పని కాదు. తెలియక లాగితే విరిగేది తిరిగి దొరకని ముక్క.

ఫైళ్లు అటూ ఇటూ మార్చుకోవడానికి దీని సీరియల్ కేబుల్ ప్రత్యేకమైనది, దాని వెంట పడకండి. పక్కనున్న గాడిలో పీసీఎంసీఐఏ అనే పాతరకం మెమరీ కార్డు పడుతుంది. కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డుని ఆ సైజుకి మార్చే చిన్న అడాప్టర్ దొరుకుతుంది, ధర ఎక్కువ ఉండదు. కార్డుని ఫ్యాట్16 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేయాలి, డాస్ 5కి రెండు గిగాబైట్లు దాటితే అర్థం కాదు. చిన్న కార్డే కొనండి, 256 మెగాబైట్లున్నా మీకు జీవితకాలం సరిపోతుంది. అదే కార్డుని రీడర్‌లో పెట్టి ల్యాప్‌టాప్‌లో తెరవవచ్చు. లోటస్ షీట్లు డబ్ల్యూకే1 పేరుతో ఉంటాయి, లిబ్రేఆఫీస్ వాటిని ఇప్పటికీ తెరుస్తుంది. నా పాత సర్వే షీట్లన్నీ అలాగే భద్రంగా ఉన్నాయి.

చివరగా మీ మేనమామగారి ఫైళ్ల గురించి. మెషీన్ లోపలి సీ డ్రైవ్‌లో ఉన్నవి సెల్లు చచ్చిపోయినప్పుడే పోయాయి, వాటి మీద ఆశ వద్దు. కానీ గాడిలో కార్డు ఉందేమో చూడండి. ఉంటే దాన్ని బయటికి తీసి, మీద ఏం రాసుందో చదవండి. ఫ్లాష్ అని ఉంటే లోపలున్నవి ఇప్పటికీ ఉండే అవకాశం బాగా ఉంది. ఎస్‌ర్యామ్ అని ఉండి, అంచున చిన్న సెల్ అర కనిపిస్తే మాత్రం ఆ సెల్‌తో పాటే పోయి ఉంటాయి. కార్డు దొరికితే మెషీన్‌లో పెట్టి ఏదీ ఫార్మాట్ చేయకండి. ముందు ల్యాప్‌టాప్‌లో అందులోని ప్రతి ఫైలూ కాపీ తీసుకోండి. ఓడల్లో తిరిగినాయన కాబట్టి అపాయింట్‌మెంట్ డైరీలో ఏ రేవులో ఎప్పుడున్నారో ఉండొచ్చు, ఆ ఫైలు పేరు చివర ఏడీబీ అని ఉంటుంది. అలాంటిది కనిపిస్తే, ముందు ఆ కాపీ ఒకటి వేరే చోట దాచి, కార్డు మీద రాసున్న వివరాలు, మెషీన్ ఆన్ అయ్యాక తెర మీద మొదట ఏం వచ్చిందో ఇక్కడ రాయండి. దాన్ని తెరిచే పద్ధతి దాన్నిబట్టి చెబుతాను.